వాడి గురించి ఊరికి ఏం చెప్పాలి?

చదవడం, రాయడం, లెక్కలు కట్టడం అందరిలా పట్టుబడని పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో పాఠం చెప్పే టీచర్ల గురించి అప్పుడప్పుడైనా వింటాం. సంస్థ తరఫున బయటి లోకంతో మాట్లాడే మనిషి గురించి మాత్రం వినం. పోస్టరు మీద ఏ మాట ఉండాలి, విలేకరికి ఏం చెప్పాలి, ఏ ఫొటో బయటికి పోకూడదు అన్నది తేల్చేది ఆ మనిషే.

2007 డిసెంబరులో న్యూయార్క్ వీధుల్లో కొత్త ప్రకటనలు వెలిశాయి. పిల్లల్ని ఎత్తుకెళ్లినవాళ్లు డబ్బు కోసం పంపే బెదిరింపు ఉత్తరాల్లా వాటిని తయారుచేశారు. మీ అబ్బాయి మా దగ్గరున్నాడు, బతికినన్నాళ్లూ తన పని తాను చేసుకోకుండా, నలుగురిలో కలవకుండా చూస్తాం అన్నది ఒకదాని సారాంశం. అడుగున సంతకం ఉండాల్సిన చోట ‘ఆటిజం’ అని ఉంది. మీవాణ్ని కుదురుగా కూర్చోనివ్వం, పట్టించుకోకపోతే అనుభవించేది వాడే అని ఇంకోటి. దాని కింద ‘ఏడీహెచ్‌డీ’. ఇలా ఆరు సమస్యల పేరిట ఆరు ఉత్తరాలు.

వేయించింది గిట్టనివాళ్లెవరో కాదు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఇలాంటి పిల్లల కోసమే పనిచేసే చైల్డ్ స్టడీ సెంటర్. ప్రకటనల రంగంలో పేరుమోసిన బీబీడీఓ సంస్థ పైసా తీసుకోకుండా చేసిపెట్టింది. వైద్యం అందని పిల్లలు ఎందరో ఉన్నారు, మెత్తగా చెబితే ఎవరూ వినడం లేదు, ఉలిక్కిపడేలా చెప్పాలి అన్నది వాళ్ల వాదన. డాక్టర్లుగా వాళ్లకు అది సబబుగానే తోచి ఉంటుంది. కాకపోతే ఆ గోడ పక్క నుంచే స్కూలుకు వెళ్లే ఆటిజం పిల్లాడు కూడా ఆ అక్షరాలు చదువుతాడని ఎవరికీ తట్టలేదు.

తట్టేలా చేసినవాడు ఆరి నెయిమన్. అప్పటికి ఇరవయ్యేళ్ల కాలేజీ కుర్రాడు, తనూ ఆటిజం ఉన్నవాడే. ఆటిజం ఉన్నవాళ్లు తమ తరఫున తామే మాట్లాడాలని అంతకు ముందు ఏడాది ఒక సంస్థ పెట్టుకున్నాడు. సంతకాల సేకరణ మొదలుపెట్టాడు. ఇరవైకి పైగా వైకల్య హక్కుల సంస్థలు అతనితో గొంతు కలిపాయి. తల్లిదండ్రులు ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు. మొదట వెనక్కి తగ్గేది లేదన్న సెంటరు, డిసెంబరు 19న ప్రచారం ఆపేస్తున్నామని ప్రకటించింది.

సరిగ్గా రెండు రోజులకు, డిసెంబరు 21న, మన దేశంలో ‘తారే జమీన్ పర్’ విడుదలైంది. ఆమిర్ ఖాన్ దర్శకత్వం, అమోల్ గుప్తే కథ. పుస్తకంలో అక్షరాలు డాన్సు చేస్తున్నాయని టీచరుతో చెప్పే ఇషాన్‌ను చూశాక, మన ఊళ్లలో చాలామంది తల్లులకు తమ ఇంట్లో ఉన్న పిల్లాడు మొదటిసారి అర్థమయ్యాడు. డిస్లెక్సియా అన్న మాట అంతకు ముందు డాక్టర్ల దగ్గరా, పెద్ద నగరాల స్కూళ్లలోనూ తప్ప వినపడేది కాదు. ఆ తర్వాత స్టాఫ్ రూముల్లోకి, పేరెంట్స్ మీటింగుల్లోకి వచ్చింది. చెన్నైలోనూ ముంబైలోనూ 1990ల నుంచే డిస్లెక్సియా సంఘాలు పనిచేస్తున్నాయి. అన్నేళ్లుగా అవి కరపత్రాలతో చేరలేని ఇళ్లకు ఒక్క సినిమా చేరింది.

ఒకే వారంలో జరిగిన ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, పిల్లాడి తరఫున లోకంతో మాట్లాడటం ఎంత ప్రమాదకరమైన పనో, ఎంత విలువైన పనో రెండూ కనిపిస్తాయి.

సినిమా చేసిన మేలు, తెచ్చిన చిక్కు

సినిమా చివర్లో ఇషాన్ చిత్రలేఖనం పోటీ గెలుస్తాడు. కథకు అది కావాలి. మూడు గంటలు కళ్లు తుడుచుకున్న ప్రేక్షకుణ్ని ఉత్తి చేతులతో ఇంటికి పంపలేరు. అయితే దాంతో ఒక లెక్క స్థిరపడిపోయింది. చదువు రాని పిల్లాడిలో దాగి ఉన్న చిత్రకారుడో శాస్త్రవేత్తో ఉండి తీరాలి. లేకపోతే?

అదే సినిమాలో మాస్టారు క్లాసులో ఐన్‌స్టీన్, లియోనార్డో పేర్లు చెబుతాడు. ప్రపంచంలో ఏ డిస్లెక్సియా సంస్థ కరపత్రం తీసినా దాదాపు ఇదే జాబితా. ఐన్‌స్టీన్‌కు డిస్లెక్సియా ఉందనడానికి గట్టి ఆధారం లేదు. చిన్నప్పుడు ఆలస్యంగా మాటలు వచ్చాయని చెబుతారు గానీ, బడిలో లెక్కల్లో దిట్ట. లియోనార్డోను పరీక్షించిన వైద్యుడెవరూ లేడు. ఇలాంటివి రాస్తే ఎవరికి నష్టం అనుకుంటాం. కరపత్రంలో ఒక్క మాట తప్పని తేలితే, దాని పక్కనే ఉన్న చట్టం సంగతీ, సర్టిఫికెట్ సంగతీ హెడ్మాస్టరు నమ్మరు. బయటి లోకంతో మాట్లాడే ఉద్యోగికి ఉన్న ఆస్తి ఆ నమ్మకమే.

బ్రిటన్‌లో ‘మేడ్ బై డిస్లెక్సియా’ అనే సంస్థ ఈ మేధావి దారినే ఇంకా పైకి తీసుకెళ్లింది. 2022లో లింక్డ్‌ఇన్‌ను ఒప్పించి ‘డిస్లెక్సిక్ థింకింగ్’ను ఒక నైపుణ్యంగా చేర్పించింది. తనకు డిస్లెక్సియా ఉందని ఎప్పటి నుంచో బాహాటంగా చెబుతున్న వ్యాపారవేత్త రిచర్డ్ బ్రాన్సన్ అండగా నిలిచారు. ప్రచారంగా చూస్తే అద్భుతం. ఉద్యోగానికి దరఖాస్తు చేసే చోట దాచుకోవాల్సిన విషయాన్ని చూపించుకునే విషయంగా మార్చారు. నాకు మాత్రం అక్కడో సందేహం ఉంది. బ్రాన్సన్ విమానాల కంపెనీ పెట్టాడు. మన దగ్గర పదో తరగతి తెలుగు పేపరు దగ్గరే ఆగిపోయి, మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడికి ఆ ‘సూపర్ పవర్’ మాట ఎలా వినిపిస్తుంది? నీకు చదువు రాలేదు సరే, మేధావివి కూడా కాలేకపోయావా అన్నట్టు ఉండదూ?

జాలిపుట్టించే పోస్టరు చందాలు తెస్తుంది. మేధావి పోస్టరు చప్పట్లు తెస్తుంది. ఈ రెంటి మధ్య మామూలు పిల్లాడు ఒకడున్నాడు. కాస్త అల్లరి, కాస్త బద్ధకం, క్రికెట్ పిచ్చి, చదవడం మాత్రం మహా కష్టం. వాడి గురించి రాయడమే అన్నిటికంటే కష్టమైన పని. వాడి కథలో మలుపులుండవు. ఆరో తరగతిలో పేరా చదవడానికి పావుగంట పట్టేది, ఎనిమిదికి వచ్చేసరికి ఐదు నిమిషాలు పడుతోంది అంటే అది వార్త అని విలేకరిని ఒప్పించగలిగితే ఆ ఉద్యోగి ఘనుడే.

పక్కవాణ్ని తొక్కి పైకి రావద్దు

ఈ సంస్థలన్నీ మొదట చెప్పే వాక్యం ఒకటుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. ఇది నిజం, చెప్పాల్సిన అవసరమూ ఉంది. 1896లో ఇంగ్లండ్ డాక్టర్ ప్రింగిల్ మోర్గాన్ ఒక వైద్య పత్రికలో పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశారు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం ఒక్కటే రాదు. పాఠమంతా నోటితోనే చెబితే బడిలో వీణ్ని మించినవాడు ఉండడని వాళ్ల మాస్టారు అన్నాడట. అప్పటి నుంచీ ఈ రంగంలో పోరాటమంతా ఆ మాస్టారు చెప్పిన మాటను లోకం చేత ఒప్పించడానికే.

కానీ ఆ వాక్యానికి ఒక నీడ ఉంది. ‘మా పిల్లలు అలాంటివాళ్లు కారండీ’ అని అన్నప్పుడు, అలాంటివాళ్లు ఎవరు? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం. మన రెండు రాష్ట్రాల నుంచే కాక దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు బిడ్డల్ని ఎత్తుకుని అక్కడికి వస్తారు. పెట్టినప్పుడు దాని ఇంగ్లిషు పేరులో ఉన్న పాత మాటను తీసేసి, తర్వాతి కాలంలో సాధికారత అన్న మాట చేర్చారు. ఆ వరండాలో కూర్చున్న తల్లి చేతికి మన కరపత్రం వెళ్తే, తన బిడ్డను చూపించి ‘మావాడు ఇలా కాదు’ అన్నట్టు ఉండకూడదు కదా. తెలివి తూకం వేయకుండానే ఆ సంగతి చెప్పవచ్చు. వినడం, అర్థం చేసుకోవడం, ఆలోచించడం బాగానే ఉంటాయి, అక్షరాన్ని శబ్దంతో కలిపే చోట ఆలస్యం జరుగుతుంది అంటే చాలు. ఎవరినీ కించపరచకుండా విషయం తెలిసిపోతుంది.

సుప్రీంకోర్టు కూడా దాదాపు ఈ దారిలోనే వెళ్లింది. 2024 జులైలో ‘ఆంఖ్ మిచోలీ’ సినిమా మీద నిపున్ మల్హోత్రా వేసిన కేసులో, వికలాంగుల్ని తెర మీద ఎలా చూపించాలో మార్గదర్శకాలు చెప్పింది. చిన్నచూపును పెంచే మాటలు వాడొద్దని, వాళ్లను వాళ్ల వైకల్యంతోనే కొలవొద్దని, వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్ల సంఘాలతో మాట్లాడమని సూచించింది. సినిమావాళ్లకు చెప్పినా, కరపత్రం రాసేవాళ్లకూ అక్షరాలా వర్తిస్తుంది. సేవా సంస్థలు తప్పు చేయవన్న ధీమా మనకు ఎక్కువ. న్యూయార్క్ ఉత్తరాలు వేసింది సేవా సంస్థే.

చదవలేని కరపత్రం

ఇప్పుడు అసలు విడ్డూరం. డిస్లెక్సియా గురించి వేసే కాగితాల్లో చాలా వాటిని డిస్లెక్సియా ఉన్నవాళ్లు చదవలేరు. సన్నటి అక్షరాలు, ఊపిరాడని పేరాలు, రంగురంగుల బొమ్మ మీద అచ్చేసిన తెల్లటి వాక్యాలు. రాసినవాళ్లు దాతను, అధికారిని దృష్టిలో పెట్టుకున్నారు. పైగా ఈ ఇబ్బంది చాలాసార్లు కుటుంబాల్లో వస్తుంది. పిల్లాడి కోసం ఆ కాగితం చేతిలోకి తీసుకున్న తండ్రికి కూడా చదవడం కష్టమై ఉండే అవకాశం తక్కువేం కాదు. తనకెందుకు చదువు అబ్బలేదో ఆ తండ్రికి ఎవరూ చెప్పి ఉండరు.

బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ ఇందుకోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. అక్షరం 12 నుంచి 14 పాయింట్లు ఉండాలి. తోకలూ కొక్కేలూ లేని సాదా అక్షరరూపం వాడాలి. వాలు అక్షరాలు, అడుగు గీతలు వద్దు. వరుసల మధ్య బాగా ఎడం ఉండాలి. కుడి అంచును బలవంతంగా సమం చేయొద్దు. తళతళలాడే తెల్ల కాగితం కంటే లేత మీగడ రంగు మేలు. డిస్లెక్సియా కోసం ప్రత్యేకంగా గీసిన అక్షరరూపాలు కూడా ఉన్నాయి. వాటివల్ల చదివే వేగం పెరిగిందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. అయినా వాటిని పోస్టర్ల మీద పెట్టుకుని గొప్పగా చెప్పుకునే సంస్థలకు కొదవ లేదు.

ఈ సలహాలన్నీ ఇంగ్లిషు అక్షరాన్ని చూసి చెప్పినవి. తెలుగు కరపత్రానికి వాటిని ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే కుదరదు. మన అక్షరం మూడంతస్తులది. పైన గుడి, మధ్యలో హల్లు, కింద ఒత్తు. ఇంగ్లిషుకు సరిపోయిన ఎడం ఇక్కడ ఇస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాటలో ఎన్ని ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయో చూడండి. ప, వ, ష ఒకే పోలిక. మ, య కూడా అంతే. ద కింద చిన్న గీతంత తేడాతో ధ. సంస్కృత సమాసాలతో నింపిన ‘అభ్యసన వైకల్య నిర్ధారణ ప్రక్రియ’ లాంటి శీర్షిక ఈ పిల్లలకే కాదు, నాకూ రెండోసారి చదివితే గానీ ఎక్కదు.

తెలుగులో ఇంకో సంగతీ ఉంది. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం. అలాంటి భాషల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు ఇంగ్లిషులో లాగా తప్పు చదవడం కంటే, తప్పు లేకుండానే మరీ నెమ్మదిగా చదవడం ఎక్కువ. జర్మన్ లాంటి భాషల మీద జరిగిన అధ్యయనాలు ఇదే చెప్పాయి. అందుకే మన బడుల్లో వీళ్లు త్వరగా దొరకరు. కూడబలుక్కుంటూ చదివేస్తాడు గనుక వచ్చింది అనుకుంటారు. ఇంగ్లిషు పుస్తకాల నుంచి దించుకున్న కరపత్రం మాత్రం బీ, డీ అక్షరాలు తారుమారవుతాయా అని అడుగుతుంది. తెలుగు మీడియం టీచరు తన క్లాసులో బీ, డీల కోసం వెతికి, ఎవరూ లేరని ఊరుకుంటారు. మన భాషలో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుందో మన టీచర్లను అడిగి రాసిన ఒక్క పేజీ, దిగుమతి చేసుకున్న పది పోస్టర్ల కంటే ఎక్కువ మంది పిల్లల్ని పట్టిస్తుంది.

అచ్చు ఒక్కటే దారి కాదు గదా అనొచ్చు. నిజమే. మన ఊళ్లలో వాట్సాప్ వాయిస్ మెసేజీ ఏ కరపత్రమూ చేయలేని పని చేస్తోంది. రెండు నిమిషాల గొంతు, యాస కలిసిన మామూలు తెలుగు. చదవనక్కర్లేదు, పక్కింటావిడకు పంపించుకోవచ్చు. పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద డబ్బు పోసే సంస్థలు దీన్ని ఇంకా చిన్నచూపే చూస్తున్నాయి.

ఫొటోలో ఉన్నది ఎవరు?

దాతకు ముఖం కావాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ జాబితాలో ప్రత్యేక విద్య కూడా ఉంది. డబ్బిచ్చిన కంపెనీ ఏడాది చివర ఫొటోలు అడుగుతుంది. ముందు ఇలా, తర్వాత ఇలా. ముందు ఏడుపు, తర్వాత నవ్వు. అడగడం దాని తప్పు కాదు, డైరెక్టర్లకు చూపించుకోవాలి.

ఇవ్వాల్సినవాళ్లే ఆలోచించాలి. పదేళ్ల పిల్లాడి ఫొటో కింద పేరు, ఊరు, ‘చదవలేకపోయేవాడు’ అన్న మాట వేసి వదిలితే అది ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఉద్యోగానికి పిలిచినవాడు చూస్తాడు, పెళ్లి సంబంధం వాళ్లు చూస్తారు. మన దగ్గర సంబంధం వాళ్లు చూడనిదేముంది? వాడికి చెల్లెలుంటే ఆ పిల్ల సంబంధం దగ్గర కూడా ఈ ఫొటో లేస్తుంది. తల్లి సంతకం పెట్టింది కదా అంటారు. ఫీజు లేకుండా పాఠం చెబుతున్న సంస్థ కాగితం ముందు పెడితే ఏ తల్లి కాదంటుంది? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల నిర్ధారించదగిన సమ్మతి ఉండాలంటోంది. చట్టం అడిగేది అంతవరకే. మంచి సంస్థలు ఇంకో అడుగు వేసి, పిల్లాణ్ని కూడా అడుగుతాయి. ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తామని రాసిస్తాయి. ముఖం లేకుండా చేతులు, పుస్తకం, బల్ల మీద పరచిన మట్టి అక్షరాలు మాత్రమే ఫొటో తీస్తాయి. దాత పెదవి విరిస్తే విరిచాడు.

పేరు చెప్పుకుని మాట్లాడటానికి ఇష్టపడే పెద్దవాళ్లు ఉంటారు. డిస్లెక్సియాతోనే డిగ్రీ పూర్తిచేసినవాళ్లు, దుకాణం నడుపుకునేవాళ్లు, డ్రైవర్లు. వేదిక మీద వాళ్లుండాలి. పిల్లాడి కథను తల్లి, డాక్టరు, టీచరు, సంస్థ అధ్యక్షుడు చెప్పి, వాడి ఈడు దాటి వచ్చినవాడిని మాత్రం పిలవకపోవడం మన సభల్లో మామూలు. న్యూయార్క్‌లో ఆ ప్రకటనలు అచ్చుకు వెళ్లే ముందు నెయిమన్ లాంటివాడు ఒక్కడు ఆ గదిలో ఉండి ఉంటే చాలు.

నూటికి ఎంతమంది?

విలేకరి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఇదే. జవాబు తేలిక కాదు. నిర్వచనం బిగిస్తే నూటికి ఐదుగురు, వదులు చేస్తే ఇరవై వరకు. అమెరికాలోని ఇంటర్నేషనల్ డిస్లెక్సియా అసోసియేషన్ ఏదో ఒక లక్షణం ఉన్నవాళ్లందరినీ కలిపి 15 నుంచి 20 శాతం అంటుంది. బ్రిటన్‌లో పదిమందిలో ఒకరు అంటారు. పెద్ద అంకె చెబితే శీర్షిక అవుతుంది. అదే అంకెను దేశ జనాభాతో గుణించి కోట్లలో చెబితే మొదటి పేజీకి ఎక్కినా ఎక్కుతుంది. కానీ అధికారి దగ్గరికి వెళ్లి అదే అంకె చెబితే, అంతమందికి స్పెషల్ టీచర్లను ఎక్కణ్నించి తేవాలని ఫైలు మూసేస్తాడు. ‘ఎలా లెక్కపెడతారన్న దాన్ని బట్టి ఐదు నుంచి ఇరవై దాకా చెబుతారు, నలభైమంది ఉన్న క్లాసులో కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటారనుకోండి’ అంటే శీర్షిక రాదు గానీ టీచరు మర్నాడు క్లాసులో తలెత్తి చూస్తుంది.

అంకెల కంటే ఇబ్బంది వైద్యాలు అమ్మేవాళ్లతో. రంగు కళ్లద్దాలు పెడితే చదువు వస్తుందనేవాళ్లు, కంటి వ్యాయామాలు చేయించేవాళ్లు, కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పించే ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ వాళ్లు. మన పట్నాల్లో వేలకు వేలు పోసిన తల్లిదండ్రులున్నారు. 2009లోనే అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు కలిసి ఉమ్మడి ప్రకటన చేశాయి. ఇది కంటి జబ్బు కాదు, రంగు అద్దాలకూ కంటి వ్యాయామాలకూ ఆధారం లేదన్నాయి. ఈ మాట తెలుగులో ఏ సంస్థా గట్టిగా చెప్పినట్టు కనపడదు. ఎందుకు? అమ్మేవాళ్లు కూడా అదే సభలకు స్పాన్సర్లు, అదే స్కూళ్లకు అతిథులు. గొడవెందుకని ఊరుకుంటారు. బయటి లోకంతో మాట్లాడే పని అంటే మంచి మాటలు చెప్పడమే అనుకుంటే ఇలాగే ఉంటుంది. ఆధారాలతో అక్షరాలు, శబ్దాలు వరుసగా, ఓపికగా, రోజూ నేర్పడం తప్ప దగ్గరి దారి లేదని చెప్పడమూ ఆ ఉద్యోగంలో భాగమే.

ఎర్ర దీపాలు, ఎవరూ చదవని సెక్షన్లు

అక్టోబరు నెలను డిస్లెక్సియా అవగాహన మాసంగా జరుపుతారు. 2024 అక్టోబరు చివర్లో రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, ఇండియా గేట్ ఎర్ర దీపాలతో వెలిగాయి. బడిలో వీళ్ల నోట్సుల మీద పడే ఎర్ర సిరా గీతలనే గుర్తుగా తీసుకున్నారు. దిల్లీలో అంత పెద్ద భవనాల్ని ఒప్పించడం తక్కువ పనేం కాదు. ఫొటోలు దేశమంతా వచ్చాయి. మర్నాటికి మామూలు దీపాలు.

అదే దిల్లీలో 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. అంతకు ముందు 1995 చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, వాటిలో డిస్లెక్సియా లేదు. కొత్త చట్టం 21 చేసింది, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందుల్ని అందులో చేర్చింది. బడిలోనే వీలైనంత తొందరగా ఈ ఇబ్బందిని గుర్తించాలని 16వ సెక్షన్ అంటుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు ఇచ్చేలా మార్పులు చేయాలని 17వ సెక్షన్ చెబుతుంది. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు తేల్చాయి. మూడు గంటల పేపరుకు మరో గంట. ఒక పిల్లాడి జీవితంలో పదో తరగతి గట్టెక్కడానికి ఆ గంట చాలు.

ఈ నాలుగు వాక్యాలూ మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని హైస్కూళ్ల నోటీసు బోర్డుల మీద ఉన్నాయి? వైకల్య సర్టిఫికెట్ అనగానే మనవాళ్లకు ‘సదరం’ తెలుసు. అది కాలూ చెయ్యీ కన్నూ చెవీ వాళ్లకే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయని, అక్కడ ప్రత్యేక టీచర్లుంటారని పక్క వీధివాళ్లకే తెలియదు. ఎక్కడికి వెళ్లాలి, ఏ వయసులో పరీక్ష చేయిస్తారు, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, పరీక్ష ఫీజు కట్టే ముందే స్కూల్లో ఏ దరఖాస్తు ఇవ్వాలి. దీన్ని ఒక్క పేజీలో, పెద్ద అక్షరాల్లో, జిల్లావారీగా రాసి ప్రతి ఏడాదీ కొత్త తేదీలతో సరిచూసి పంపడం అన్నిటికంటే ముఖ్యమైన పని. దానికి అవార్డులు రావు. సంస్థ వార్షిక నివేదికలో ఫొటో పడదు.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే ఇది ఆగలేదు కూడా. చేతిరాత సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే డాక్టరు సివిల్స్ పరీక్షకు రాసిపెట్టే మనిషి కావాలంటే, నలభై శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ కాదంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. రాసిపెట్టే సహాయానికి నలభై శాతం గీత అడ్డు కాకూడదని తీర్పిచ్చింది. దాన్ని పట్టుకుని 2022 ఆగస్టులో కేంద్రం కొత్త మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తీర్పు ఇంగ్లిషులో పేజీలకు పేజీలుంది. పరీక్ష కేంద్రంలో గేటు దగ్గర నిలబడ్డ తండ్రికి అదంతా అక్కర్లేదు. కేసు పేరు, తేదీ, రెండు వాక్యాల తెలుగు సారాంశం, అడుగున సంస్థ ఫోన్ నంబరు ఉన్న కాగితం ముక్క చాలు. ‘మాకు పైనుంచి ఆర్డర్ రాలేదండీ’ అని చీఫ్ సూపరింటెండెంట్ అంటారు. అనడం మామూలే, ఆయనకూ భయాలుంటాయి. అప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఉదయం ఎనిమిదింపావుకు ఎత్తే మనిషి ఉండాలి. డీఈవో ఆఫీసులో ఎవరితో మాట్లాడాలో తెలిసిన మనిషి, ముందు రోజే ఆ ఆఫీసుకు ఉత్తరం పంపి ముద్ర వేయించుకున్న మనిషి. తొమ్మిదిన్నరకు పేపరు ఇస్తారు కాబట్టి మాటలకు ఆట్టే వ్యవధి లేదు.